లోతులో అన్న సరే

నమోదు 112
సోమవారం, మధ్యాహ్నం పాటు

కట్టింది నాగూర్. కట్టించుకున్నది భ్రమర. ఒడ్డున కూర్చున్నది తాయారు, అంటే నేను.

తాళ్ళు మూడు. మూడూ జనపనారవే, నువ్వులనూనె పట్టించి నీడలో ఆరబెట్టినవి. మొదలుపెట్టే ముందు ఒక్కొక్క తాడునూ మోచేతి లోపలివైపు రాసుకుని చూశాను. ఎక్కడా పీచు గుచ్చుకోలేదు. కత్తెర నా ఒళ్ళో ఉంది. కడవలో మంచినీళ్ళు సగానికి ఉన్నాయి, మా ముగ్గురి వంతూ కలిపి అంతే.

భ్రమర నాలుగో తూము దగ్గర పనిచేస్తుంది. ఆరు గంటలు పంపుల హోరులో నిలబడి నేరుగా ఇక్కడికి వచ్చింది. నాగూర్ పడవలకి తారు పూస్తాడు. ఇద్దరిదీ మూడేళ్ళ జత. ఈ ఇంటి బయట ఆమె మాటంటే అతనికి హడలు.

ముందే ఒప్పుకున్నవి: చేతులు, ఛాతీ, మోకాళ్ళు కట్టడం, వీపు మీద తోలుపట్టాతో పన్నెండు దెబ్బలు. పట్టీ నుదుటి మీదే ఉంచుకోవడానికి, నేను ఆమె నాడి గీత చూడటానికి కూడా ఒప్పుకుంది. మామూలుగా తాడు ఇంట్లోకి వచ్చేటప్పుడు అందరం పట్టీలు తీసి గుమ్మం పక్క కొక్కేలకి తగిలిస్తాం. సముద్రానికి అడ్డుగా కట్టిన ఈ గట్టు మీద ప్రతి మనిషికీ పట్టీ ఉంటుంది, ఉద్రేకంలో ఎరుపు, నెమ్మదిస్తే ఆకుపచ్చ చూపిస్తుంది. అది లేకుండా గంటసేపు ఉండటానికే సగం మంది మా దగ్గరికి వస్తారని సువార్తక్క అంటుంది. ఈ ఇల్లు మొదలుపెట్టింది ఆవిడే, ఇరవయ్యేళ్ళ కిందట, వలలు అల్లడం మానేశాక.

3.20: మొదటి తాడు. పట్టీ పసుపు.

3.41: ఏడో దెబ్బ. ఎరుపు. ఊపిరి పైపైన. ఇక చాలునా అని నాగూర్ అడిగాడు. లెక్క సరిగ్గా పెట్టుకో, ఇంకా అయిదున్నాయి అంది భ్రమర.

3.50: పన్నెండూ పూర్తి. దవడ వదులైంది. బిగిసిన వేళ్ళు తెరుచుకున్నాయి.

3.56: ఆకుపచ్చ.

ఇంత పచ్చ నేనెప్పుడూ చూడలేదు. మనిషి గాఢనిద్రలో ఉన్నా గీత ఎక్కడో ఒకచోట చిన్నగా లేస్తుంది. ఇది ఎక్కడా లేవలేదు. దీన్నే మేం లోతు అంటాం. నాగూర్ కళ్ళు కూడా మారాయి, నా వైపు చూసి నన్ను గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. కట్టేవాళ్ళకీ ఒక లోతు ఉంటుంది. అందుకే తాడు తాకని మూడో మనిషి ఒకరు ఒడ్డున ఉండాలి.

4.10: రెండు తాళ్ళు విప్పాడు. ఈ గీత నా దగ్గర దాచుకోనా అని భ్రమరని అడిగాను. సరే అంది.

4.25: మణికట్టు మీది చివరి ముడి తనే విప్పుకుంది. దుప్పటి కప్పాను. బెల్లం నీళ్ళు తాగింది.

ఎలా ఉందని అడిగాను. "నా లోపల ఎప్పుడూ ఎవరో ఒకడు నుంచుని లెక్కపెడతా ఉంటాడే తాయీ. గేజీ ఎంత, మట్టం ఎంత, టైమెంత. ఆడు కూచున్నాడు. అంతే."

నమోదు 113
గురువారం

నీటితొట్లలో బ్లీచింగ్ కలిపే పని నాది. మూడేళ్ళు కొండ మీది విద్యాలయంలో నాడీశాస్త్రం చదివి, గట్టుకి తిరిగొచ్చి, రోజూ తొమ్మిది తొట్లలో కర్రతో కలియబెడుతున్నాను. భ్రమర గీతని పక్కన పెట్టుకుని రెండు రాత్రులు చూశాను. మా ప్రొఫెసర్లు పుస్తకాల్లో రాసిందానికీ దీనికీ పొంతన లేదు. నేను దీన్ని సరిగ్గా రాయగలిగితే నన్ను మళ్ళీ పైకి పిలుస్తారు.

ఇంకొకటి కనిపెట్టాను. పనిలో కునుకు తీసేవాళ్ళని లేపడానికి పట్టీలో చిన్న చురక ఉంటుంది కదా, దాన్ని ఈ గీత ప్రకారం కదిలించవచ్చు. అంటే తాడు లేకుండా, నాగూర్ లేకుండా, ఎవరూ లేకుండా అదే లోతు. భ్రమరకి నెలరోజులుగా నిద్ర లేదు. పడుకోబోయే ముందు ఎనిమిది నిమిషాలు పెట్టి చూడమని నిన్న ఆమె పట్టీలోకి ఎక్కించి ఇచ్చాను.

ఇవాళ పొద్దున్నే వచ్చి నా చెంప గిల్లి వెళ్ళింది. కళ్ళ కింద నలుపు లేదు.

నమోదు 121
శనివారం

భ్రమర చెప్పులు లేకుండా తిరుగుతోంది. రెండో తూము ఆవిడ అడిగిందట, ఇచ్చేసిందట. నిన్న మంచం ఇచ్చేసింది. నాగూర్ ఒక ఇనప పెట్టె మోసుకుని నా గదికి వచ్చాడు. అది భ్రమర స్పానర్ల పెట్టె. నాగూర్ ముట్టుకుంటేనే కసిరేది.

"నేను అడగలేదు తాయారూ. పెట్టె బాగుందే అన్నా, అంతే. ఇదిగో తీస్కో అని చేతిలో పెట్టింది. నాకు భయవేసింది."

మీ ఇద్దరూ పోట్లాడుకున్నారా అని అడిగాను. పోట్లాడితే బాగుండేది అన్నాడు. పదిరోజులుగా తను ఏమన్నా సరే అంటోందట. ఉప్పు ఎక్కువైంది కదా అంటే సరే, తక్కువైంది కదా అంటే సరే. కట్టుకుందామా అని అడిగితే దానికీ సరే అంది. ఆ గొంతు విని తాడు చుట్టి లోపల పెట్టేశాడు.

నమోదు 123
సోమవారం

భ్రమర వెలిగోడకి సంతకం పెట్టింది.

వెలిగోడ మా గట్టుకి ఆవల పన్నెండు మైళ్ళ దూరంలో, నడిసముద్రంలో ఉన్న మొదటి అడ్డుగోడ. వెళ్ళినవాళ్ళు రెండు వర్షాకాలాలు అక్కడే ఉండాలి. కిందటిసారి అయిదుగురు వెళ్ళారు, ముగ్గురు వచ్చారు. భ్రమర వాళ్ళన్నయ్య అంతకుముందుసారి వెళ్ళి తిరిగిరాని ఇద్దరిలో ఒకడు. గుమాస్తా ప్రభుదాసు గారు వంతుల పుస్తకం పట్టుకుని ఆరుసార్లు ఆమె దగ్గరికి వచ్చాడు. ఆరుసార్లూ రాను అని చెప్పింది. గట్టు మొత్తం మీద ఆయన మొహాన ఆ మాట అనగలిగింది ఆమె ఒక్కతే. ఏడోసారి అడిగితే పెట్టేసింది.

కచేరీకి పరిగెత్తాను. ప్రభుదాసు గారు చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి పుస్తకం తిప్పి చూపించాడు. సంతకం పక్కన పట్టీ రంగు ముద్ర ఉంది. ఉద్రేకంలోనో భయంలోనో పెట్టిన సంతకం చెల్లదని చట్టం. అందుకే పచ్చ ఉంటే తప్ప పుస్తకం తెరవరు.

"ఇంత పచ్చ నా సర్వీసులో చూళ్ళేదమ్మా. మనస్ఫూర్తిగా పెట్టిందనేగా?"

పడవ వచ్చే వారం బుధవారం, పోటుతో బయల్దేరుతుంది. తొమ్మిది రోజులు ఉంది.

నమోదు 124
మంగళవారం

నాలుగో తూము దగ్గర భ్రమరని పట్టుకున్నాను. పంపుల పక్కన చిరునవ్వుతో నిలబడి ఉంది. పట్టీ అంచు మీద వేలు పెట్టి చూస్తే చురక నడుస్తోంది. ఎనిమిది నిమిషాలది ఎనిమిది గంటలైంది. అయిపోగానే మళ్ళీ మొదలయ్యేట్టు తనే పెట్టుకుంది, మెకానిక్ కదా.

అన్నయ్య సంగతి గుర్తు చేశాను. గుర్తుంది అంది. అక్కడికి వెళ్ళనని వాళ్ళమ్మకి మాటిచ్చిన సంగతి అడిగాను. అదీ గుర్తుందట. మరి ఎందుకు పెట్టావంటే నా జుట్టు చెవి వెనక్కి సర్దింది.

"ఆయన అడిగాడు, పెట్టా. ఆ రోజు నువ్వడిగావు, ఇచ్చా. ఏంటే తేడా?"

పరిహాసానికి అన్న మాట కాదది. నిజంగా తేడా తెలియక అడిగింది.

నమోదు 125
బుధవారం

ఆమెకి నేనిచ్చింది ఏమిటో నేను తెలుసుకోవాలనుకున్నాను. సువార్తక్కని ఒడ్డున కూర్చోమన్నాను. ఆవిడ ఎందుకని అడక్కుండా కత్తెర తీసుకుని వచ్చింది. కట్టడానికి తాడే లేకపోయినా అలవాటు కొద్దీ తెచ్చుకుంది. ఆ గీతని నా పట్టీలోకి ఎక్కించి గంటసేపు పెట్టుకున్నాను.

మొదట పళ్ళ మధ్య బిగువు పోయింది. తర్వాత తొట్లు, బ్లీచింగు, కొండ మీది విద్యాలయం, పడవ, అన్నీ ఉన్నాయి గానీ వాటి బరువు నాది కాదు. అక్క కూర్చున్న పీట, అక్క ఊపిరి, అక్క చెయ్యి. ఆ చెయ్యి ఎటు చూపిస్తే అటు వెళ్ళడం ఎంత తేలికో. వెళ్ళకుండా ఉండటమనే పని ఒకటి ఉంటుందని కూడా తోచలేదు. తాడులో లోతు నాకు తెలుసు, పదిసార్లు దిగాను. అక్కడ అడుగున ఎక్కడో నా 'చాలు' నా గుప్పిట్లోనే ఉంటుంది, తాడు ఒరుసుకుంటూ దాన్ని గుర్తు చేస్తుంటుంది. ఇక్కడ గుప్పిటే లేదు.

బయటికొచ్చి అక్క రాసిన కాగితం అడిగాను. ఒకే ఒక్క వాక్యం ఉంది: "గంటసేపు కూర్చున్నాను, పిల్లని ఏమీ అడగలేదు."

నేను 112 తీసి చూశాను. 4.10కి గీత దాచుకోనా అని అడిగాను. 4.25కి చివరి ముడి విప్పుకుంది. పదిహేను నిమిషాల తేడా, నా చేతిరాతలోనే.

ఈ ఇంట్లో చేరిన రోజే అక్క ఎవరికైనా చెప్పే మాట: "లోతులో చాలంటే అప్పటికప్పుడు చెల్లుద్ది. సరే అంటే మాత్రం చెల్లదు. ముడి ఇప్పుకుని ఒడ్డుకొచ్చాక మళ్ళీ అడగాలి." నాకంటే బాగా ఆ మాట కొత్తవాళ్ళకి ఎవరూ వివరించలేరని పేరు కూడా ఉంది. ఆ రోజు అడిగాను, సరే అంది, రాసుకున్నాను. ఆ పచ్చ చూసి నాకు ఒళ్ళు తెలియలేదు.

అక్కకి చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. నమోదు పుస్తకం నా ముందే మూసి, రేపు నాగూర్‌ని పిలు అంది.

నమోదు 126
గురువారం

నాగూర్ అంతా విని లేచి బయటికి వెళ్ళాడు. కాసేపటికి తిరిగొచ్చి నాకు దూరంగా కూర్చున్నాడు.

చిక్కు ఎక్కడుందంటే, భ్రమర పట్టీ తీసెయ్యాలి. తీసెయ్యాలంటే ఆమె ఒప్పుకోవాలి. అడిగితే సరే అంటుంది. ఆ సరే మాకు చెల్లదు. చెల్లని సరేతో పట్టీ తీస్తే నేను చేసిందే మళ్ళీ చేసినట్టు. తీయకపోతే బుధవారం పడవెక్కుతుంది.

మరి ఎవర్ని అడగాలి అన్నాడు నాగూర్. అక్క లోపలికి వెళ్ళి పాత కాగితాల కట్ట తెచ్చింది. చేరిన రోజున ప్రతివాళ్ళూ రాసిచ్చేది ఒకటుంటుంది: నేను దిగి తిరిగి రాకపోతే ఏం చెయ్యాలి. ఇరవయ్యేళ్ళలో దాన్ని తెరవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. మూడేళ్ళ కిందటి భ్రమర, పట్టీ కొక్కేనికి తగిలించి, ఒడ్డు మీద కూర్చుని రాసింది:

"నా వంటి మీద ఉన్నవన్నీ తీసి పారెయ్యండి. ఇంటికి తీసుకెళ్ళి గంజి పొయ్యండి. నన్ను ఏమీ అడగొద్దు, మీ ప్రశ్నలంటే నాకు చిరాకు. నేను మిమ్మల్ని తిట్టేదాకా పక్కనే కూచోండి."

నాగూర్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. అక్షరాలన్నీ తిడుతున్నట్టే ఉన్నాయి అన్నాడు. సాయంత్రం ముగ్గురం ఆమె దగ్గరికి వెళ్ళాం. అక్క ఆమె నుదుటి నుంచి పట్టీ తీసింది. జబ్బు సెలవంటూ కచేరీకి కబురు పంపాం.

నమోదు 128
శనివారం

అడగకుండా ఉండటం ఎంత కష్టమో ఇన్నాళ్ళూ తెలియలేదు. దాహమేస్తోందా అనకూడదు, గ్లాసు పక్కన పెట్టాలి. పడుకుంటావా అనకూడదు, చాప పరవాలి. నాగూర్ నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంటుంది, వెంటనే చేత్తో మూసుకుంటాడు.

భ్రమరకి నిన్నటి నుంచి వణుకు. తలుపు వైపు చూస్తూ ఏడుస్తోంది, ఎందుకో తనకే తెలియదు. లోపల లెక్కపెట్టేవాడు లేచి నిలబడ్డాడని నాకనిపించింది, పాతిక రోజుల లెక్క ఒకేసారి అప్పజెబుతున్నాడు. నేను కట్టే మనిషినీ కాదు, ఇప్పుడు ఒడ్డు మనిషినీ కాదు. గంజి కాచి గుమ్మం దగ్గర పెడుతున్నాను.

మధ్యలో కచేరీకి వెళ్ళొచ్చాను. సంతకం వెనక్కి తీసుకోవచ్చట. కానీ మనిషే రావాలి, రేవులో, పడవ కదిలేలోపు. పట్టీ పెట్టుకుని చెప్పాలి. పచ్చలో చెప్పాలి. ఎరుపులో చెప్పిన కాదు కూడా చట్టానికి చెల్లదు.

నమోదు 130
సోమవారం

పొద్దున్న గంజి గిన్నె గోడకి తగిలింది.

"మూడ్రోజుల్నించి ఉప్పులేని గంజి. చంపుతారా ఏంటి నన్ను?"

నాగూర్ గోడ మీద కారుతున్న గంజిని చూస్తూ నవ్వుతూ ఏడ్చాడు. అక్క వెళ్ళి ఉప్పు తెచ్చింది. భ్రమర తిని, స్నానం చేసి, తన చెప్పులు ఎవరి కాళ్ళకున్నాయో కనుక్కుని వెళ్ళి లాక్కొచ్చింది. అప్పుడు అక్క నన్ను లోపలికి పంపింది. 4.10 సంగతి, 4.25 సంగతి చెప్పాను. వింటున్నంతసేపూ నన్ను చూడలేదు. గీత చెరిపేస్తానన్నాను, రెండుచోట్లా, ఇప్పుడే.

"చెరపొద్దు. అది నాది. నీ దగ్గరున్నది కూడా ఇచ్చెయ్."

పట్టీలో అదలా ఉండగా ఎల్లుండి రేవులో పెట్టుకోవాలి కదా అని నోటిదాకా వచ్చింది. వద్దు అన్నాక వాదించే హక్కు ఈ ఇంట్లో ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. నా దగ్గరున్నది తెచ్చి చేతిలో పెట్టాను. విద్యాలయానికి రాద్దామనుకున్న వ్యాసం అక్కడితో పోయింది.

నమోదు 131
బుధవారం, పోటు వేళ

రేవులో నూటయాభై మంది ఉంటారు. పడవలో నలుగురు ఎక్కి కూర్చున్నారు, అయిదో చోటు ఖాళీ. ప్రభుదాసు గారు పుస్తకం తెరిచి భ్రమర పట్టీ చూశాడు. ఎర్రగా ఉంది.

"నేను రాను" అంది భ్రమర.

"అట్టా కాదమ్మాయ్. ఎరుపులో నేను రాసుకోలేను. నెమ్మదించు, నెమ్మదించి చెప్పు."

పడవ మనిషి నీళ్ళ వైపు చూసి పావుగంట అన్నాడు. భ్రమర కళ్ళు మూసుకుంది. ఎరుపు ఇంకా ముదిరింది. ఎదురుగా ఆ పడవ, వాళ్ళన్నయ్య ఎక్కిన పడవే అది, రంగు మాత్రం కొత్తది. జనంలోంచి ఎవరో ఎక్కెయ్యరాదా అన్నారు. నాగూర్ అటు తిరిగి చూస్తే ఊరుకున్నారు.

ఆమె చెయ్యి నుదుటి దాకా వెళ్ళింది. వేలు పట్టీ అంచు మీద ఆగింది. ఒక్కసారి నొక్కితే పచ్చ వస్తుంది. పచ్చ వచ్చాక ప్రభుదాసు గారు వస్తున్నావా అని అడిగితే ఏమంటుందో ఆమెకి తెలుసు, నాకు తెలుసు. అరవాలనిపించింది. నాకు అరిచే హక్కు లేదు.

వేలు తీసేసింది.

"నాగూరూ, తాడు."

అతనికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తాడు ఇంటి సంగతి గట్టు మీద అందరికీ తెలుసు గానీ ఎవరూ ఎవరి ఎదుటా అనరు. నూటయాభై మంది ముందు, భ్రమర వాళ్ళమ్మ ముందు, అతను వంగి రేవులో పడున్న పాత కట్టుతాడు ముక్క అందుకున్నాడు. ఉప్పుకి బిరుసెక్కిన కొబ్బరితాడు. పీచు గుచ్చుకుంటదేమో అన్నాడు. గుచ్చుకోనీ అంది. అక్క వచ్చి వాళ్ళిద్దరి పక్కన రాతిమీద కూర్చుంది, ఒడ్డున.

రెండు మణికట్లూ కలిపి ఒక చుట్టు. బిగించి ఇంకో చుట్టు. ఇదేం చోద్యం అని ఎవరో అంటే ఇంకెవరో నవ్వారు. మూడో చుట్టుకి భ్రమర భుజాలు దిగాయి. నాగూర్ తాడు కొస రెండు చేతులా పట్టుకుని, తారు రంగు గోళ్ళతో, కదలకుండా ఉన్నాడు. రేవు చప్పుడంతా ఉంది గానీ వాళ్ళిద్దరి చుట్టూ లేదు. పసుపు. దవడ వదులైంది. పడవ మనిషి టైమైపోతోందన్నాడు, అక్క అతని వైపు వేలు చూపించి ఊరుకోమంది.

పచ్చ.

ప్రభుదాసు గారు వంగి చూశాడు. లేత పచ్చ, అంచుల్లో కొద్దిగా కదులుతోంది. ఆయన పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, చట్టంలో ఉన్న మాట ఉన్నట్టు అడిగాడు: వెలిగోడకి వెళ్ళడానికి నీకు సమ్మతమేనా?

ఎంతసేపు పట్టిందో నేను లెక్కపెట్టలేదు. ఆమె గొంతు లోతులో ఉన్న గొంతే, నాకు బాగా తెలిసిన గొంతు.

"కాదు. రాను."

ఆయన రాసుకుని ముద్ర వేశాడు. పడవ నలుగురితోనే కదిలింది.

భ్రమర చేతులకింకా తాడు ఉంది. మణికట్టు దగ్గర పీచు గుచ్చుకుని రక్తం పొటమరించింది. నేను గ్లాసుతో నీళ్ళు తీసుకుని దగ్గరికి వెళ్ళాను. నన్ను చూసింది. మెల్లగా, కోపం లేకుండా, ఒక్కొక్క మాటే పైకి తోడుకుంటున్నట్టు చెప్పింది.

"నువ్వొద్దు తాయీ. ఇకనించి నా ఒడ్డున నువ్వొద్దు."

ప్రభుదాసు గారి కలం ఇంకా చేతిలోనే ఉంది. ఆమె పట్టీ చూశాడు, నన్ను చూశాడు.

"పచ్చగానే ఉందమ్మా" అన్నాడు ఇబ్బందిగా. "ఇదీ రాసుకోవాలా?"

నేను రాసుకుంటానండీ అన్నాను.